తాత జొన్నలు, బస్టాండు కాంట

ఆ రోజుల్లో మనుషులకు ఓపిక ఎక్కువ అని ఇప్పుడు అందరూ అంటుంటారు. నిజమే కావచ్చు. కాకపోతే ఆ ఓపికంతా నా చుట్టూ ఉన్నవాళ్ల దగ్గరే ఉండేది, నా వంతుకు ఏమీ మిగల్లేదు. డెబ్బైల చివర్లో జహీరాబాద్ బస్టాండులో కంట్రోలర్‌గా చేరేనాటికి నాకు ఇరవై మూడేళ్లు. చేతికి కొత్త వాచీ, ఎదుట ఒక మైకు, వెనక గోడకు టైంటేబుల్. ఈ మూడూ ఉన్నవాడికి లోకమంతా ఆలస్యంగా నడుస్తున్నట్టు కనిపించడంలో వింతేమీ లేదు. బస్సులు ఆలస్యం, డ్రైవర్లు ఆలస్యం, టిక్కెట్టుకు చిల్లర తీసే ముసలమ్మలు ఆలస్యం (ఆ ఏడు వాన ఆలస్యమైతే దాని మీద కూడా నాకు ఫిర్యాదు ఉండేది). ఆ కుర్రవాణ్ని తలుచుకుంటే కూర్చోబెట్టి ఒక గ్లాసు మంచినీళ్లు ఇవ్వాలనిపిస్తుంది. అప్పట్లో ఎవరైనా ఇచ్చి ఉంటే, నీళ్లు ఇంత ఆలస్యంగా ఎందుకు తెచ్చారని అడిగి ఉండేవాణ్ని.

బస్టాండు గేటు దాటి రోడ్డుకు అవతల రొట్టెలవ్వ హోటల్ ఉండేది. హోటల్ అని మేం పిలుచుకోవడమే గాని బోర్డు లేదు, బల్లలు లేవు. రేకుల కప్పు, రెండు కట్టెల పొయ్యిలు, కూర్చోవడానికి నేల మీద పరిచిన గోనెసంచులు, అంతే. నాది వరంగల్ వైపు, అన్నం తిని పెరిగిన ఒళ్లు. మొదటి వారం జొన్నరొట్టె చూసి ఏడుపొక్కటే తక్కువైంది. రెండో వారానికి అది లేకపోతే ఏడుపొచ్చేలా అయింది. నిప్పుల మీద బూరెలా పొంగిన రొట్టె, పుంటికూర పప్పు, పచ్చిమిరపకాయల తొక్కు, అవిసెల పొడి మీద రెండు చుక్కల కుసుమనూనె, పిడికిలితో గుద్ది పగలగొట్టిన ఉల్లిగడ్డ. జ్వరం తగిలి లేచినా, ఇంటి మీద బెంగ కలిగినా, పై అధికారి తిట్టినా, ఆ వేడి రొట్టెను తుంచి పప్పులో ముంచితే సగం బాధ అక్కడే తీరేది. మిగతా సగం రెండో రొట్టెతో పోయేది.

అయితే ఆ హోటల్‌కు ఒక పద్ధతి ఉంది. అదే నా ప్రాణం తీసేది. అంగడి రోజున ఝరాసంగం, రాయికోడ్ వైపు పల్లెల నుంచి వచ్చేవాళ్లు తమ ఇంటి జొన్నపిండిని తామే ముల్లె కట్టుకుని తెచ్చేవారు. పొద్దున బస్సు దిగగానే ఆ ముల్లె అవ్వ చేతిలో పెట్టి అంగడికి పోయేవారు. మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి ఎవరి పిండితో వాళ్లకు రొట్టెలు చేసి, పప్పూ తొక్కూ వేసి అవ్వ పెట్టాలి. పరాయి పిండి తింటే కడుపు నిండదని వాళ్ల నమ్మకం. నల్లరేగడి జొన్న వేరట, ఎర్రనేల జొన్న వేరట, మా చేనుదైతే అసలు ఇంకెక్కడా దొరకదట. గోడకు వరుసగా మేకులు, ఒక్కో మేకుకు ఒక్కో ముల్లె, మొత్తం ముప్పై దాకా వేలాడేవి. అవ్వకు చదువు రాదు. గుడ్డ రంగు చూసి, ముడి వేసిన తీరు చూసి ఏది ఎవరిదో చెప్పేది. ఒకరి పిండి అయిపోయాక పీట తుడవడం, చేతులు కడగడం, రెండో ముల్లె విప్పడం, వేడినీళ్లతో మళ్లీ పిండి పిసకడం. ఈ తతంగం ముప్పైసార్లు జరగాలి. నా బోటి ముల్లె లేనివాళ్లకు అవ్వ తన పిండితోనే చేసేది గాని అందరికన్నా చివర చేసేది. "వాళ్లు దూరం పోవాలె బిడ్డా, నీది ఎదురుంగనే గద" అనేది. ఆకలితో నేను వాచీ చూసుకుంటూ కూర్చునేవాణ్ని. ఆమె ఒక్కో ముల్లె ముడి విప్పుతుంటే నా పేగులకు ఒక్కో ముడి పడేది.

నా ఆకలిని పక్కనపెట్టినా, నా టైంటేబుల్‌ను ఎక్కడ పెట్టను? రెండు గంటలకు కదలాల్సిన ఝరాసంగం బస్సు అంగడి రోజున రెండుంపావుకు కదిలితే గొప్ప. ప్రయాణికులంతా అవ్వ దగ్గర గోనెసంచుల మీద ఉండేవారు. ఆ బస్సు డ్రైవరును మేం హారన్ భాయి అనేవాళ్లం, ఎందుకంటే ఆయన రోడ్డు మీద కన్నా ఆ హోటల్ ముందే ఎక్కువ హారన్ కొట్టేవాడు. అదీ కోపంతో కాదు, తనకూ రెండు రొట్టెలు పక్కన పెట్టమని గుర్తుచేయడానికి. నేను మైకులో మూడుసార్లు పిలిచి, గొంతు పోయి, చివరికి రోడ్డు దాటి వచ్చి ఆయన మీద పడితే నింపాదిగా అనేవాడు, "సారూ, బండి డీజిలు తోటి నడుస్తది, మనుషులు రొట్టె తోటి నడుస్తరు. జర సబర్ పట్టుండ్రి." ఆలస్యానికి సంజాయిషీ రాయాల్సింది మాత్రం నేను. రొట్టె కాలడం ఆలస్యమైనందున బస్సు ఆలస్యమైనదని ఏ రిజిస్టరులో రాయను?

ఒకసారి అవ్వ బీదర్‌లో ఉన్న బిడ్డ ఇంటికి బయలుదేరింది. హోటల్‌ను కోడలికి అప్పగించింది (ఆమెను నేను అక్క అనేవాణ్ని). బస్సెక్కే ముందు నాతో, "నాలుగు దినాలు పోత బిడ్డా. కోడలు ఒక్కతుంటది. అంగడి రోజు జర అర్సుకో. మంది మీద ఒర్రకు" అంది. అరవవద్దన్న మాట ఒక్కటే నా చెవిలో పడకుండా జారిపోయింది. చూసుకోమన్న మాటను మాత్రం నియామకపు ఉత్తర్వులా తీసుకున్నాను. బస్టాండులో చిన్న పార్సిళ్లు తూచే కొక్కెం కాంట ఉంది. నా పథకం సులువు. పొద్దున ఎవరు ముల్లె తెచ్చినా తూచాలి. కిలోకు పది రొట్టెల లెక్కన ఎవరికెన్ని వస్తాయో చీటీ మీద రాసివ్వాలి. పిండినంతా ఒకే డ్రమ్ములో పోసి, ఒకేసారి కలిపి, ఒకే ఊపున రొట్టెలు చేసి, చీటీ చూసి పెట్టేయాలి. పీట తుడవడాలు లేవు, చేతులు కడగడాలు లేవు. ఒంటిగంటన్నరకు హోటల్ ఖాళీ, రెండింటికి బస్సు. ఇంత చిన్న ఆలోచన ఇన్నేళ్లుగా ఎవరికీ ఎందుకు రాలేదా అని నా మీద నాకే గౌరవం కలిగింది. (ఎవరికీ రాని ఆలోచన మనకు వచ్చినప్పుడు అది ఎందుకు రాలేదో ఒక్క క్షణం ఆగి అడగాలని నాకు తెలియడానికి మరో పాతికేళ్లు పట్టింది.)

అక్క ఒప్పుకోలేదు. ఎవరి పిండి వాళ్లకే కావాలె తమ్మీ, అత్తమ్మ రానీ అంది. పిండి పిండే కదా అక్కా అన్నాను. అంగడి రోజు పొద్దున్నే కాంట పట్టుకుని హోటల్ గుమ్మంలో నిలబడ్డాను. వచ్చినవాళ్లు సణిగారు. ఒకాయన మాత్రం, ఊరందరికీ తెల్లజొన్న పటేలుగా తెలిసినవాడు, తన పిండి డ్రమ్ములో పడుతుంటే ఇంటి పిల్లను అత్తవారింటికి పంపుతున్నట్టు చూశాడు. అయినా బస్సులు నడిపించే సారు చెబుతున్నాడంటే ఏదో సర్కారు రూలు వచ్చిందేమోనని అందరూ ముల్లెలు ఇచ్చారు. నేను కూడా అది సర్కారు రూలు కాదని చెప్పలేదు.

అప్పుడు వచ్చాడు చీపుర్ల తాత. ఝరాసంగానికి అవతల పల్లె. వంగిన నడుము, భుజం మీద చీపురుకట్టలు. వారం వారం వచ్చి అంగట్లో చీపుర్లు అమ్ముకుని, రొట్టెలు తిని, అవ్వకొక చీపురు ఇచ్చి పోయేవాడు. ఉన్న అరెకరం చెలకలో పండే జొన్న మీద ఆయనకు ఎంత గర్వమంటే, ఎవరు కనిపించినా అదే ముచ్చట. మీరు కిలోలకు కిలోలు మోసుకొస్తారు, మా జొన్న ఒదుగు జొన్న, పిడికెడు పిండికి నాలుగు రొట్టెలు అయితయి అనేవాడు. గోనెసంచుల మీదున్న వాళ్లంతా, అవును తాతా, నీ భూమి అట్లాంటిది అని తలలూపేవారు. వాళ్లు ఎందుకలా ఊపుతారో నాకు అర్థమయ్యేది కాదు. పిడికెడు పిండికి నాలుగు రొట్టెలా! నీళ్లు, నిప్పు, జొన్న అందరికీ ఒకటే అయినప్పుడు ఈయన ఒక్కడికి ఎలా ఒదుగుతాయి? వారం వారం అది విని నా ఒళ్లు మండేది. ఆ రోజు నా చేతిలో కాంట ఉంది.

"నాలుగు రాయి సారూ" అన్నాడు తాత ముల్లె అందిస్తూ.

కాంట ముల్లు పావుకిలో గీత దాకా కూడా పోలేదు. "రెండు, తాతా" అన్నాను.

"నాలుగైతయి సారూ. ఎప్పటికి నాలుగే. మాది ఒదుగు జొన్న."

నేను లెక్క విడమరిచి చెప్పాను. కిలోకు పది, అరకిలోకు ఐదు. మళ్లీ తూచి, ముల్లు ఎక్కడ ఆగిందో ఆయనకు చూపించాను. వెనక నుంచి అక్క గట్టిగా దగ్గింది. నీళ్లు తాగక్కా అన్నాను. హారన్ భాయి వచ్చి నా చొక్కా పట్టి లాగాడు. బస్సు సంగతి తర్వాత చూద్దాం భాయి అన్నాను. వేలాడుతున్న ఆ కాంటను అందరికీ కనబడేలా ఎత్తి, అందరికీ వినబడేలా అన్నాను, "కాంట అబద్ధం చెప్పదు తాతా. ఇన్నేండ్లు నాలుగెట్లయినయో నాకు తెల్వది గని, ఈ పిండికి రెండే."

తాత కాంట నుంచి ముల్లె తీసుకున్నాడు. వదులైన ముడిని మెల్లగా బిగించాడు. "గట్లనా. నేను సూస్కోలే సారూ" అని, చీపుర్లు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. అందరూ నన్నే చూస్తున్నారు. అది మెచ్చుకోలు అనుకున్నాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

మేకుకు ఒక ముల్లె మిగిలింది. ఎవరిదని అడిగితే మాది కాదన్నారంతా. వదిలేస్తే పురుగు పడుతుందని దాన్నీ డ్రమ్ములో గుమ్మరించాను. అల్లం కాలం అది. అంగడి, బస్టాండు, బస్సుల టాపులు, ఊరు ఊరంతా అల్లం వాసన, అందుకే ఎవరి ముక్కూ ఏమీ పట్టలేదు. మధ్యాహ్నం అక్క రొట్టెలు మొదలుపెట్టింది. నిన్నటి పిండి, నెలనాటి పిండి, సన్నపిండి, ముతక పిండి కలిసి ఏ ఒక్కటీ ఇంకోదానికి అంటుకోనంటోంది. పీట మీద తడితే అంచులు పగుళ్లు, పెంక మీదికి ఎత్తితే రెండు ముక్కలు. రొట్టెలు చేస్తున్నట్టు లేదు తమ్మీ, పెంకులు ఏరుతున్నట్టుంది అంది. ముక్కలైనా కడుపులోకి పోయాక ముక్కలే కదా అని ధైర్యం చెప్పాను. అందరికన్నా ముందు తెల్లజొన్న పటేలు కొరికాడు. నమిలాడు. తొక్కు కారమనుకుని ఉల్లిగడ్డ నమిలాడు. కళ్ల వెంట నీళ్లు కారుతుండగా చాలా మర్యాదగా, "సారూ, నేను రొట్టె తింటున్ననా, కషాయం తాగుతున్ననా" అని అడిగాడు. అంతలోనే వరసగా అందరికీ దగ్గు, తుమ్ములు, ముక్కులు చీదుళ్లు. సరిగ్గా అప్పుడే రాయికోడ్ నుంచి ఒక పెద్దాయన వచ్చి మేకుల వంక చూసి, మా ముల్లె ఏది అన్నాడు. ఆయన బిడ్డ ఊళ్లోని దవాఖానలో ప్రసవించి మూడో రోజు. ఇంటి దగ్గర దంచిన శొంఠిపొడి ముందు రోజే తెచ్చి, అక్క నీళ్లకు పోయిన వేళ, ఇక్కడైతే భద్రమని అవ్వ మేకుకు వేలాడదీసి వెళ్లాడు. ఆయన డ్రమ్ములోకి వంగి, వేళ్లతో కాస్త పిండి తీసి వాసన చూశాడు. తర్వాత, "బాలింతకు పెట్టేది సారూ అది, అంగడందరికి పెట్టినవా" అన్నాడు. "ఇంకేమున్నది," అన్నాడు పటేలు ముక్కు తుడుచుకుంటూ, "బాలింతల లెక్క చెవులల్ల దూది పెట్టుకొని అందరం మంచాలు ఎక్కుదం."

నేను కిరాణా దుకాణానికి పరిగెత్తి శొంఠి కొని, దంచించి, ఆ పెద్దాయన చేతిలో పెట్టి, అటునుంచి అరటిపళ్ల గెల మోసుకొచ్చి అందరికీ పంచాను. ఆ రోజు ఝరాసంగం బస్సు సరిగ్గా రెండు గంటలకు కదిలింది. తినడానికి ఏమీ లేనందువల్ల.

మర్నాడు అవ్వ దిగింది. శొంఠి సంగతి విని కొంగుతో కళ్లు తుడుచుకునేంతగా నవ్వింది. గండం గడిచిందనుకున్నాను. నవ్వు ఆపి, "తాత ఏం తిన్నడు" అని అడిగింది. అక్క నేల చూపులు చూస్తూ జరిగింది చెప్పింది. అవ్వ ముఖంలో నవ్వు ఎటుపోయిందో తెలియదు. గోనెసంచి మీద కూలబడి, తలకు చేయి ఆనించి చెప్పింది. తాత తెచ్చేది ఎప్పుడూ రెండు రొట్టెల పిండే. పంట తగ్గిపోయి ఏళ్లయింది. ఆయన అంగడికి వెళ్లాక ఆ ముల్లెలో తన పిండి రెండు పిడికిళ్లు కలిపి నాలుగు చేసేది. ఆయన రెండు తిని, రెండు ఇంట్లో ముసలమ్మకు కట్టుకుపోయేవాడు. ఈ సంగతి గోనెసంచుల మీద కూర్చునే ప్రతివాడికీ తెలుసు.

"నాకెవరూ చెప్పలేదు గదా అవ్వా" అన్నాను.

"గివి చెప్పుకునే ముచ్చట్లా? గింత చదువు సదివినవు, ఎదుటోని ముఖం సదవరాదా బిడ్డా."

ఏం చేయమంటావని అడిగాను. కాంట తప్పని చెప్పు అంది.

"కాంట కరెక్టే అవ్వా."

"కరెక్టే. అందుకే చెప్పుమంటున్న" అని లేచి పొయ్యి దగ్గరికి పోయింది. విసుగుతో ఆమె కట్టెలు ఎగదోసిన తీరు చూస్తే ఆ పొయ్యిలో నేనే ఉన్నట్టనిపించింది.

ఆ తర్వాతి అంగడికి తాత హోటల్‌కు రాలేదు. బస్టాండు ప్రహరీ నీడలో చీపుర్ల పక్కన కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్న ఎండురొట్టె నీళ్లలో ముంచుకుని తింటున్నాడు. నేను వెళ్లి, కాంట పాడైంది తాతా, సరిగ్గా చూపలేదు అన్నాను. నా ముఖం అబద్ధానికి అలవాటు పడినది కాదు (తప్పులకే అలవాటు పడింది). తాత నా వంక జాలిగా చూశాడు. "లే సారూ, నీ తప్పేం లేదు. ఈ ఏడు మా జొన్నకే ఒదుగు తగ్గినట్టుంది. భూమి ముసల్దైంది, నా లెక్కనే" అన్నాడు. నన్ను తిట్టినా బాగుండేది. ఆ మనిషి జీవితంలో గొప్పగా చెప్పుకోవడానికి ఉన్నది ఒక్కటే, దాన్ని నేను కొక్కానికి తగిలించి పదిమందిలో తూచాను. అక్కడ నిలబడలేకపోయాను. నేరుగా నా గదిలోకి వెళ్లి మైకు అందుకున్నాను.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. ఝరాసంగం వెళ్లు బస్సు రెండవ ప్లాట్‌ఫారం నుండి బయలుదేరుటకు సిద్ధముగా నున్నది. మరియు, ఈ బస్టాండులోని చిన్న కాంట తప్పు తూగుచున్నదనియు, ఉన్న బరువులో సగము మాత్రమే చూపుచున్నదనియు తెలియజేయడమైనది." రెండుసార్లు చెప్పాను. బస్టాండులో ఏదైనా రెండుసార్లు చెబితేనే నిజం.

కిటికీలోంచి చూశాను. తాత నమలడం ఆపి స్తంభానికున్న మైకు వైపు తలెత్తి చూశాడు. చాలాసేపు అలాగే చూశాడు. తర్వాత ఎండురొట్టె మడిచి నడుములో దోపుకుని, చీపుర్లు ఎత్తుకుని, రోడ్డు దాటి హోటల్ వైపు నడిచాడు. కాసేపటికి ఆయన గొంతు ఇవతలి దాకా వినిపించింది. "నేను చెప్పలే? మైకుల గుడ చెప్పిన్రు."

ఆ సంతోషం నాకు పది నిమిషాలు కూడా దక్కలేదు. కాంట తప్పన్న మాట విన్నవాళ్లు సగం అన్న మాట వినలేదు. అల్లం మూటలకు, పార్సిళ్లకు ఆ కాంట మీద తూచి డబ్బు కట్టినవాళ్లంతా నా గది ముందు చేరి, ఎక్కువ తీసుకున్నది వాపసు ఇమ్మన్నారు. కాంట తక్కువే చూపింది, మీకే లాభం అని వాళ్లను ఒప్పించి పంపేసరికి, ఆ మాట పై అధికారి చెవిన పడింది. అయితే ఇన్నాళ్లూ సగం రాబడి పోయిందన్నమాట, సంజాయిషీ ఇవ్వమని మెమో వచ్చింది. అటువాళ్లకు ఎక్కువ తూచినవాణ్ని, ఇటువాళ్లకు తక్కువ తూచినవాణ్ని. హారన్ భాయి వచ్చి నా భుజం తట్టి, "ఫికర్ చేయకుండ్రి సారూ, ఒక్క రొట్టెకు ఇంత తకలీఫ్ పడ్డోన్ని నేను ఎన్నడు సూడలే" అని ఓదార్చాడు. నేను జవాబు రాశాను: కాంట సరిగానే ఉన్నది, తూచినవాడే తప్పు. నా ఉద్యోగంలో అంత నిజం మళ్లీ ఎప్పుడూ రాయలేదు. ఒక ఇంక్రిమెంటు ఆరు నెలలు ఆగింది.

అసలు శిక్ష అది కాదు. అప్పటి నుంచి ప్రతి అంగడి రోజూ తాత నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవాడు. కాంటలను నమ్మేవాడికి జొన్న గురించి చెప్పాల్సిన బాధ్యత తన మీద ఉందనుకున్నట్టున్నాడు. విత్తనం ఎట్లా ఎంచాలి, చలికి కంకి ఎట్లా పాలు పోసుకుంటుంది, మంచు పడితే గింజ ఎట్లా బరువెక్కుతుంది, అన్నీ మొదటి నుంచి మొదలుపెట్టేవాడు. ఒక వారం చెప్పింది రెండో వారం గుర్తుండేది కాదు, అందుకని మళ్లీ చెప్పేవాడు. ఎదురుగా ఝరాసంగం బస్సు, దాని పక్కన పళ్లు కుట్టుకుంటూ హారన్ భాయి, నా ముందు చల్లారిపోతున్న రొట్టె. నా వాచీ వైపు చూడకుండా ఉండటానికి దాన్ని విప్పి జేబులో వేసుకునేవాణ్ని. ఊఁ కొట్టేవాణ్ని. తలూపేవాణ్ని. అందరిలా తలూపడం నేర్చుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది.

నాకు బదిలీ అయిన వారం, చివరి అంగడి రోజున, తాత ఒక కొత్త చీపురు తెచ్చి నా చేతిలో పెట్టాడు. పెండ్లయినాక అక్కరకొస్తది అన్నాడు. ఆ తర్వాత పొయ్యి దగ్గర అవ్వ ఎటు చూస్తోందో గమనించి, గొంతు తగ్గించి అన్నాడు, "బిడ్డా, పండించెటోనికి ఎంత ఒదుగుతదో ఎరుకుండదా?"

ఎప్పటి నుంచి తెలుసు తాతా అన్నాను.

"మొదటి దినం సంది. మా ముసల్ది ఇంట్ల రెండే చేస్తది అంత పిండికి. అవ్వ పెడుతున్నదని నేనంటె ఆమెకు పెట్టబుద్ధి కాదు, నాకు తినబుద్ధి కాదు. మా జొన్న ఒదిగిందంటె ఇద్దరికి మంచిగుంటది." అవ్వ వైపు మళ్లీ ఓ కన్నేసి, "నువ్వు మైకుల చెప్పినవు సూడు, గప్పుడు నవ్వాపుకునుడు పానం మీదికొచ్చింది" అన్నాడు. అవ్వ ఇటు తిరిగేసరికి గొంతు పెంచి, ఈసారి మంచు బాగా పడ్డది, గింజ ముత్యమే అని మొదలుపెట్టాడు. నేను తలూపాను.

ఇప్పుడు నాకు ఆ తాత వయసు. పొద్దున్నే సంచి పట్టుకుని కూరగాయలు తేవడం ఇంట్లో నాకు మిగిలిన ఒకే ఉద్యోగం. కళ్లు సరిగ్గా ఆనవు, బేరం మీద ధ్యాస ఎక్కువ, వంకాయల మీద తక్కువ. మొన్న నేను తెచ్చినవాటిలో సగం పుచ్చులైతే, మా కోడలు వాటిని చప్పుడు కాకుండా పారేసి, తాను విడిగా తెప్పించినవి కలిపి వండటం వంటింటి గుమ్మంలోంచి నా కళ్లతో చూశాను. భోజనాల దగ్గర ఆ అమ్మాయి, "మీరు తెచ్చిన వంకాయల రుచే వేరు మామయ్యా" అంది. ఇరవై మూడేళ్ల ఆ కంట్రోలరు అక్కడ ఉండి ఉంటే, సంచిలో ఎన్ని, కూరలో ఎన్ని అని అక్కడికక్కడే తేల్చి ఉండేవాడు. పాపం, వాడు ఏ బస్టాండులో ఇంకా ఎవరి మీద విసుక్కుంటున్నాడో. నేను ఇంకొంచెం కూర వేయించుకుని, "మరి నా ఎంపిక అట్లుంటదమ్మా" అన్నాను.